అద్దె ఓడల్లో ధ్రువ పరిశోధన ఇంకెన్నాళ్లు?

1981 డిసెంబరు 6న గోవా నుంచి ఓ ఓడ దక్షిణానికి బయల్దేరింది. సముద్ర శాస్త్రవేత్త సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో 21 మంది భారతీయులు అందులో ఉన్నారు. 1982 జనవరి 9న వాళ్లు అంటార్కిటికా మంచు మీద కాలు పెట్టారు. ఆ ఓడ పేరు పోలార్ సర్కిల్. నార్వే నుంచి అద్దెకు తెచ్చుకున్నది. తొలిసారి వెళ్లే దేశానికి అద్దె ఓడ తప్పదు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

కానీ నాలుగు దశాబ్దాలు దాటాయి. అంటార్కిటికాలో మైత్రి, భారతి స్థావరాలు కట్టుకున్నాం. ఆర్కిటిక్‌లో 2008లో హిమాద్రి తెరిచాం. అంటార్కిటికాకు సరుకులు చేర్చడానికి మాత్రం ఇప్పటికీ విదేశీ ఓడనే బాడుగకు మాట్లాడుకుంటున్నాం. సొంతిల్లు కట్టుకున్నాక కూడా ఆ గుమ్మం దాకా వెళ్లడానికి ఏటా బండి వెతుక్కోవడం లాంటిదే ఇది.

ధ్రువ పరిశోధనకు సొంత ఓడ కావాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 2014లోనే కేంద్ర మంత్రివర్గం రూ.1,051 కోట్లకు ఆమోదం తెలిపింది. టెండరు పిలిచారు, అది ముందుకు సాగలేదు. 2023 నాటికి అంచనా రూ.2,600 కోట్లకు చేరింది. 2025 జూన్‌లో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్ ఓస్లోలో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఓడ రూపకల్పనకు నార్వే సాయం, నిర్మాణం మన యార్డులో. మంచి మాటే. ఇది కాగితం దాటి ఉక్కు పలకల దాకా రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే నా ఆందోళన ఓడ వస్తుందా రాదా అన్న దగ్గర ఆగడం లేదు. వచ్చిన ఓడలో శాస్త్రవేత్తకు ఎన్ని రోజులు దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న.

అంటార్కిటికాలో ఓడలు తిరగగలిగే కాలం చాలా తక్కువ. దాదాపు డిసెంబరు నుంచి మార్చి దాకా. మైత్రికీ భారతికీ మధ్య దూరం సుమారు 3 వేల కిలోమీటర్లు. ఏడాదికి సరిపడా ఇంధనం, తిండి, యంత్రాలు, విడిభాగాలు రెండు చోట్లా దించాలి. గాలి హోరెత్తితే హెలికాప్టర్ లేవదు, దించుడు ఆగిపోతుంది. ఇవన్నీ పోను మిగిలిన వేళల్లోనే సముద్ర పరిశోధన. స్థావరంలో చలికాలమంతా ఉండబోయే మనుషుల తిండికీ, ఓ శాస్త్రవేత్త నీటి నమూనాలకూ మధ్య పోటీ వస్తే దేన్ని వదులుకుంటారో చెప్పక్కర్లేదు. వదులుకోక తప్పదు కూడా.

ఆ నమూనాల పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే రోజుల విలువ తెలుస్తుంది. ఓ ఇనుప చట్రం చుట్టూ గుండ్రంగా పొడవాటి సీసాలు. మధ్యలో ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం. దీన్ని తీగకు కట్టి కిందకు వదులుతారు. సెకనుకు మీటరు చొప్పున దిగితే 4 వేల మీటర్లకు గంట దాటుతుంది. పైకి వచ్చేటప్పుడు ఒక్కో లోతు దగ్గర ఆగి ఒక్కో సీసా మూత వేయాలి. మొత్తం మూడు గంటల పైమాటే. అంతసేపూ ఓడ ఉన్నచోటనే నిలబడాలి. చుట్టూ మంచు పలకలుంటే అవి జరిగి వచ్చి తీగను నొక్కేస్తాయి. పైకొచ్చిన పరికరానికి చలిగాలి తగిలితే అందులోని నీరు గడ్డకట్టి సెన్సర్ పాడవుతుంది. అందుకే ధ్రువ పరిశోధన ఓడలకు నడుమ భాగంలో, అడుగు దాకా తెరుచుకునే బావి లాంటి ఏర్పాటు పెడతారు. వాటిలో పరికరాన్ని ఓడ కడుపులోంచే సముద్రంలోకి దించవచ్చు. సరుకుల కోసం కట్టిన ఓడలో ఈ సౌకర్యం ఎందుకుంటుంది?

మంచును చీల్చే ఓడ అనగానే కత్తిలాంటి ముక్కు ఊహించుకుంటాం. నిజానికి ఆ ముక్కు ఏటవాలుగా ఉంటుంది. ఓడ మంచు మీదికి ఎక్కి, తన బరువుతో దాన్ని విరుస్తుంది. ఇక్కడే ఓ చిక్కు. ఆ వాలు వెంట గాలి బుడగలు, మంచు ముక్కలు ఓడ అడుగుకు జారతాయి. సముద్రపు అడుగును శబ్దంతో కొలిచే సోనార్‌కు అవే అడ్డు. మంచును బాగా విరిచేది, నిశ్శబ్దంగా వినేది ఒకే ఓడ కావాలంటే రూపకల్పన బల్ల దగ్గరే తేల్చుకోవాలి. ఆ బల్ల దగ్గర శాస్త్రవేత్తలకు గట్టి మాట ఉండాలి.

ఆస్ట్రేలియా అనుభవం మన ముందే ఉంది. నుయినా అనే 160 మీటర్ల ఓడ 2021లో ఆ దేశపు రేవు పట్టణం హోబర్ట్ చేరింది. దాన్లో అపురూపమైన ఓ గది ఉంది. సముద్రపు నీరు నేరుగా అందులోకి పారి, క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవులు వల దెబ్బ తగలకుండా ప్రాణాలతో చిక్కుతాయి. అంత ముచ్చటగా కట్టిన ఓడ ఊళ్లోని వంతెన కింద నుంచి ఇంధనం నింపుకునే చోటికి వెళ్లడానికి ఓడరేవు అధికారులు అనుమతివ్వలేదు. దాంతో ఇంధనం కోసం బర్నీ రేవుకు తిరగాల్సి వచ్చింది. పూర్తిగా సముద్ర పరిశోధనకే కేటాయించిన తొలి యాత్రకు 2025లో గానీ వీలు చిక్కలేదు. అంటార్కిటికాలోని డెన్మన్ హిమానీనదం వైపు సాగిన యాత్ర అది. డబ్బు, నైపుణ్యం ఉన్న దేశంలోనే ఇలా జరిగింది. సరుకుల పని, సైన్సు పని ఒకే ఓడ నెత్తిన పెడితే ఏది వెనకబడుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మనకు సాగర్ నిధి ఉంది కదా అనొచ్చు. ఇటలీలో కట్టిన ఆ ఓడ 66 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లింది, గొప్ప విషయమే. కానీ మంచు తాకిడిని కొంత తట్టుకోవడం వేరు, మంచును విరుచుకుంటూ పోవడం వేరు.

ఇంత ఖర్చు మనకెందుకనే ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రంలో తేలుతూ మునుగుతూ సమాచారం పంపే ఆర్గో పరికరాల లెక్కలు చూస్తుంది, మన జాలర్లకు చేపలు దొరికే చోట్లు చెబుతుంది. ఆ ఊరిదే అయిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ మైత్రిలో భూకంప నమోదు కేంద్రం నడుపుతోంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సముద్రాలు పీల్చుకునేదాన్లో దాదాపు 40 శాతం దక్షిణ మహాసముద్రం వాటా. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా సముద్రపు మంచు అప్పటిదాకా ఉపగ్రహాలు చూసిన అన్ని ఏళ్లకన్నా తక్కువకు పడిపోయింది. మంచు ఎంత మేర పరుచుకుందో ఉపగ్రహం చెబుతుంది. దాని కింద ఎంత లోతులో ఎంత వేడి నీరుందో తెలియాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి తీగ దించాలి. ఆ వేడి నీరు తీరపు హిమానీనదాలను కరిగిస్తే సముద్ర మట్టం పెరుగుతుంది. ఉప్పాడ తీరంలో ఇళ్లు కోల్పోయినవాళ్లకు సముద్ర మట్టం లెక్క దూరపు సంగతి కాదు.

అందుకే నిర్మాణ ఒప్పందం మీద సంతకాలకు ముందే ఓ అంకె తేలాలి. సరుకు దించే రోజులు పోను ఏటా పరిశోధనకే కేటాయించే రోజులు ఎన్ని? ఆ రోజులకు ఇంధనం ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది? మంచులో ఓడ నడిపే కెప్టెన్లకు శిక్షణ ఓడ పూర్తయ్యాక మొదలెడతారా, ఇప్పుడే మొదలెడతారా? కావాలంటే స్థావరాల సరుకులకు ఇంకొన్నేళ్లు అద్దె ఓడనే వాడుకుందాం. సొంత ఓడను మాత్రం సముద్రం మీదే ఉంచుదాం, సీసాలు దించేవాళ్లకు వదిలేద్దాం.