ప్రతిభ ఎవరమ్మాయి?

డాలస్ శివార్లలో మేముండే పట్టణంలో, మన తల్లిదండ్రులు జీటీ (గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్) అని రెండక్షరాలలో తేల్చేసే ప్రతిభావంతుల బోధన ఉంది. ఈ బోధనను టెక్సస్ చట్టం ప్రతి స్కూల్ డిస్ట్రిక్టుకూ, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థకు, తప్పనిసరి చేసింది. ఆ తరగతులు చెప్పే టీచర్లు మొదట 30 గంటలు, ఆపైన ఏటా 6 గంటలు శిక్షణ పొందాలన్న నియమం కూడా ఉంది. అంతవరకూ బాగానే ఉంది. మా పేచీ అంతా పిల్లలను ఎంచుకొనే పద్ధతితోనే. మా డిస్ట్రిక్టులో టీచరో, కన్నవారో పేరు సిఫారసు చేస్తేనే పిల్లలకు పరీక్ష పెడతారు. అందువల్ల వాట్సాప్ గ్రూపులున్న ఇళ్ల పిల్లలందరూ పరీక్ష రాస్తారు. రెండు ఉద్యోగాలు చేసుకొనే తల్లి బిడ్డ మాత్రం అలాంటి ఫారం ఒకటుందని తెలియకుండానే హైస్కూలుకు వెళ్లిపోతాడు. నేను మొదటి రకం ఇంటివాడినేనని ఇక్కడే ఒప్పుకోవడం మర్యాద.

రెండో తరగతి పిల్లలందరికీ సిఫారసుతో పనిలేకుండా పరీక్ష పెట్టమని డిస్ట్రిక్టును నడిపే స్కూల్ బోర్డును అడగాలని మా తల్లిదండ్రుల కమిటీ తీర్మానించింది. ఆధారాలకు లోటు లేదు. ఫ్లోరిడాలో ఒక పెద్ద డిస్ట్రిక్టు 2005లో ఈ పనే చేస్తే, అంతకుముందు ఎవరి కంటా పడని పేదింటి పిల్లలు ఎందరో జీటీకి అర్హులని తేలిందని డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు 2016లో ప్రకటించారు. వచ్చిన చిక్కల్లా, బోర్డు సమావేశంలో ఒక్కొక్కరికి మూడే నిమిషాలిస్తారు. మూడు నిమిషాలలో తెలుగువాడు సభకు నమస్కారమైనా పూర్తిచేయలేడు.

చట్టాలను కాలక్షేపానికి చదివే మిత్రుడొకాయన అప్పుడొక ఉపాయం చెప్పారు. దుబాసీ ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని టెక్సస్ చట్టంలో ఉందట. "మీరు తెలుగులో దంచండి, మా అమ్మాయి ఇంగ్లీషులోకి మారుస్తుంది, ఆరు నిమిషాలు మనవే" అన్నారు. ఆ వెసులుబాటు ఇంగ్లీషు రానివారి కోసమేననీ, పగలంతా ఇంగ్లీషులోనే పొట్టపోసుకొనే నా కోసం కాదనీ నాకు తెలియక కాదు. కాని గుంటూరులో ఎనిమిదో తరగతిలో వక్తృత్వానికి మొదటి బహుమతి పుచ్చుకొన్నవాడికి ముప్ఫయ్యేళ్ల తర్వాత మైకు దొరుకుతుంటే అంతరాత్మ గొంతు అంత గట్టిగా వినిపించదు.

మిత్రుడి కూతురు పదకొండో తరగతి చదువుతోంది. ఆమెకు స్వచ్ఛంద సేవ చేసినట్టు లెక్క చూపే సేవా గంటలు కావాలి, నాకు దుబాసీ కావాలి. ఆమె తెలుగు యావత్తూ "తిన్నావా", "పడుకో", "ఆ ఫోను పక్కన పెట్టు" అనే మూడు వాక్యాల చుట్టూ తిరుగుతుందన్న విషయాన్ని ఆ తండ్రి నాకు చెప్పలేదు. నేనూ ఒక్కసారైనా కూర్చోబెట్టి చదివించి చూసుకోలేదు.

నా వంతు వచ్చింది. గొంతు సవరించుకొని, "మాన్యులారా, ప్రతిభ ఏ ఇంట పుట్టినా గుర్తించి ఆదరించవలసిన బాధ్యత ఈ సభకు ఉన్నదని సవినయంగా మనవి చేస్తున్నాను" అన్నాను. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ప్రతిభ అనే పాప ఎవరింట్లో పుట్టినా సరే మీరు ఆమెను గుర్తుపట్టాలని అంకుల్ అడుగుతున్నారని ఇంగ్లీషులో చెప్పింది. బోర్డు సభ్యులు సానుభూతితో తలలూపారు.

నేను కంగారులో పక్క వాక్యంలోకి దూకాను. "సిఫారసులనే నమ్ముకొంటే ప్రతిభ మరుగున పడిపోతుంది." ఆ పిల్ల కిందటి వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు బస్టాండులో మరుగుదొడ్డి అన్న బోర్డు కూడబలుక్కొని చదివి నేర్చుకొందట. ఎవరూ సిఫారసు చేయకపోవడం వల్ల ప్రతిభ బాత్రూములో పడిపోయిందని గంభీరంగా అనువదించింది.

సభ ఉలిక్కిపడింది. దెబ్బ గట్టిగా తగిలిందా అని ఒక సభ్యురాలు అడిగారు. ఏ బడిలో జరిగిందని మరొకాయన కలం తీశారు. డిస్ట్రిక్టు న్యాయవాది మైకు లాక్కొని, విద్యార్థుల వివరాల గోప్యతకు 1974 నుంచి ఫెడరల్ చట్టం ఉందనీ, బహిరంగ సభలో ఆ పాప పేరు మళ్లీ ఎత్తవద్దనీ హెచ్చరించారు. ఇక నేను ప్రతిభ అనే మాట లేకుండా ప్రతిభావంతుల బోధన గురించి మాట్లాడాలి.

నా అవస్థ పగవాడికి కూడా వద్దు. ఇంగ్లీషులో దిద్దుకొంటే ఆరు నిమిషాలకూ అర్హత పోతుంది. ఊరుకొంటే ప్రతిభ బాత్రూములోనే ఉండిపోతుంది. "అమ్మా, ప్రతిభ అంటే మనిషి కాదమ్మా" అని గుసగుసగా అన్నాను. మైకు దాన్ని కూడా అందుకొంది. నేను అడ్డుపడేలోగా అమ్మాయి నిజాయితీగా, ప్రతిభ మనిషి కాదని అంకుల్ చెబుతున్నారని సభకు విన్నవించింది.

అప్పుడిక ఆగలేక, అలాంటి పాపే లేదనీ, నేను పిల్లలందరి తెలివితేటల గురించి మాట్లాడుతున్నాననీ చక్కని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. అధ్యక్షులవారు కళ్లజోడు మీదుగా నన్నూ, గడియారాన్నీ చూసి, తమరికి దుబాసీ అవసరం కనిపించడం లేదు గనుక మూడు నిమిషాలే వర్తిస్తాయనీ, అవి ముగిసి నలభై సెకన్లయిందనీ సెలవిచ్చారు. ఫ్లోరిడా సంగతీ, విద్యార్థులలో 5 శాతానికి మించి జీటీ నిధులు రాష్ట్రం ఇవ్వదు గనుక మిగతా ఖర్చు ఎలా సర్దుకోవచ్చో రెండు రాత్రులు కూర్చొని వేసిన లెక్కా నా జేబులోనే ఉండిపోయాయి.

బయట వరండాలో అమ్మాయి సేవా గంటల కాగితం నా ముందు పెట్టి, "రెండు గంటలు వేయండి అంకుల్, ఇది చాలా కష్టమైన తెలుగు" అంది. వేశాను. ఇంతలో జీటీ విభాగం అధికారిణి పరుగున వచ్చి నా చేతిలో ఒక ఫారం పెట్టారు.

"ఇది ప్రతిభ అమ్మానాన్నలకు అందజేయండి. శుక్రవారంతో గడువు ముగుస్తుంది. ఎవరో ఒకరు పేరు సిఫారసు చేయనిదే పరీక్ష పెట్టడం మా చేతుల్లో లేదు."