సవరణ: నిఖత్ ఓటమి గురించి రాసిన మాట

పారిస్ ఒలింపిక్స్‌లో బాక్సర్ నిఖత్ జరీన్ తొలి పోరులోనే ఇంటిదారి పట్టిందని, ఇక ఆమె పని అయిపోయిందని మొన్న రాశాను. మొదటిది తప్పు, రెండోది అన్యాయం. 2024 జులై 28న జర్మనీ బాక్సర్‌ను 5-0తో గెలిచాకే, ఆగస్టు 1న ప్రీక్వార్టర్స్‌లో (చివరి 16 మంది రౌండ్‌లో) చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యు చేతిలో ఆమె 0-5తో ఓడింది. 50 కిలోల విభాగంలో స్వర్ణం చివరికి ఆ వూ యుకే దక్కింది. బలమైన బాక్సర్లు మొదట్లోనే తలపడకుండా ముందే ఇచ్చే స్థానమే సీడింగ్; నిఖత్‌కు అది లేనందువల్లే అంత గట్టి ప్రత్యర్థి అంత తొందరగా ఎదురైంది.

తెలంగాణ సరిహద్దును ఆనుకొని మహారాష్ట్రలో ఉన్న మా ధర్మాబాద్‌లో, నిఖత్ లాంటి నిజామాబాద్ అమ్మాయంటే సొంత ఆడపిల్లే. ఆ రోజు మిర్చి దుకాణంలో బస్తా మీద కూర్చొని ఫోన్‌లో పోరు చూస్తున్న పెద్దాయన, మూడో రౌండ్ ముగియకుండానే ఫోన్ బోర్లించి ‘అయిపోయింది’ అన్న మాటనే నేను తీర్పుగా రాసేశాను. 2022, 2023లలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమెను మూడు రౌండ్ల తొమ్మిది నిమిషాలతో కొలిచిన ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను.