‘ఎమ్మే హిస్టరీ దండగ’ అన్న మెసేజ్‌కి కడప నుంచి జవాబు

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. కాలేజీ గ్రూపుల్లోనే కాదు, ఊరి గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో కూడా. దాని సారాంశం ఇది: “ఎమ్మే హిస్టరీలో చేరకండి. తేదీలు బట్టీ పట్టడం తప్ప అందులో ఏమీ లేదు. చదివాక టీచర్ ఉద్యోగం తప్ప దిక్కు లేదు, అదీ దొరకదు. ఆ రెండేళ్లు గ్రూప్స్ కోచింగ్‌కి పోతే మేలు. చరిత్రంతా ఫోన్లోనే ఉంది, ఏఐని అడిగితే చెబుతుంది. పైగా కడప, అనంతపురం, కర్నూలులో చేసిన పీజీని ఎవరూ లెక్కచెయ్యరు. చివరికి పెళ్లి సంబంధాలు కూడా రావు.”

పెళ్లి సంబంధాల సంగతి పెళ్లిళ్ల పేరయ్యలకే వదిలేస్తున్నా. మిగతావి చూద్దాం. కడపలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి, ఫోన్లో ఈ మెసేజ్ చూపించి “ఏం సార్, నిజమేనా?” అని అడిగే తల్లిదండ్రులు నాకు బాగానే తగులుతుంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ కష్టం ఒకచోట ఉంటే మెసేజ్ ఇంకోచోట చూపిస్తోంది.

మొదటి మాట, తేదీలు బట్టీ పట్టడం. దీనికి జవాబు మా జిల్లాలోనే ఉంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల అనే ఊళ్లో, చెన్నకేశవాలయంలో రేనాటి చోళుల శాసనం దొరికింది. వేయించినవాడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. మనకు తెలిసినంతలో తొలి తెలుగు శాసనం ఇదేనని చెబుతారు. పోటీ పరీక్షల గైడ్లలో దీని పక్కన క్రీ.శ. 575 అని ఉంటుంది. బట్టీ పట్టేవాడికి ఆ అంకె చాలు. ఎమ్మే క్లాసులో అసలు ప్రశ్న ఆ అంకె దగ్గరే మొదలవుతుంది. రాయి మీద సంవత్సరమే లేదు కదా, మరి 575 ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్షరాల వంపులు చూసి, అదే వంశం వాడైన పుణ్యకుమారుడి మాలెపాడు రాగిరేకుల్లోని వంశావళితో సరిచూసి, ఎర్రగుడిపాడు శాసనం లాంటివి పక్కన పెట్టుకుని పండితులు వేసిన అంచనా అది. అంచనా కాబట్టి కొన్నేళ్లు అటూ ఇటూ జరగొచ్చు. ఎంత జరగొచ్చు, ఎందుకు జరగొచ్చు అన్నది వాదించి చెప్పగలిగితే మార్కులు, లేకపోతే లేవు.

ఇంకో ఉదాహరణ కైఫీయత్తులు, అంటే ఒక్కో ఊరి చరిత్ర రాయించిన పాత కాగితాలు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి (ఈస్టిండియా కంపెనీకి) దత్తం చేశాడు. 1807 దాకా మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. ఆ శతాబ్దం మొదట్లోనే సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, పన్నులు, ఎవరి ఏలుబడి ఎప్పుడన్న వివరాలు రాయించుకున్నారు. మా కడపలో కాపురమున్న బ్రౌన్ దొర వాటికి నకళ్లు తీయించాడు. ఇక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. మన ఊరి కైఫీయత్తు తెరిచి చదువుతుంటే భలే సరదాగా ఉంటుంది, సగం కథే. చరిత్ర విద్యార్థి పని ఆ సరదా తర్వాత ఉంటుంది. ఈ వివరం చెప్పిన కరణానికి ఏ మాన్యం కాపాడుకోవాలని ఉంది? ఇదే ప్రాంతం గురించి మన్రో పైవాళ్లకు రాసినప్పుడు శిస్తు లెక్కలో ఆయన అవసరం ఏమిటి? ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, కానీ ఎవరి లెక్క వాళ్లకుంది. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి నిజం ఎంతవరకో తేల్చడం రెండేళ్లలో చేతికి రావాల్సిన పని. పత్రిక డెస్కులోనైనా, భూమి తగాదాలో పాత రికార్డు తిరగెయ్యాల్సి వచ్చినా పనికొచ్చేది ఇదే. తేదీలదేముంది, గైడు కొనుక్కుంటే దొరుకుతాయి.

టీచర్ తప్ప దిక్కు లేదు, అదీ దొరకదు అన్నది రెండో మాట. ఇక్కడ మెసేజ్ రాసినవాళ్లు నాలుగు రకాల ఉద్యోగాలను కలిపి ఒకే ముద్ద చేశారు. బడిలో సోషల్ టీచరు కావాలంటే డిగ్రీ, బీఈడీ, టెట్ ఉండాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, వాటిలో స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కు ఎమ్మే అక్కర్లేదు. ఆ ఉద్యోగమే లక్ష్యమైతే ఎమ్మేకు కాకుండా బీఈడీకే వెళ్లండి, నేనూ అదే చెబుతా. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పే హిస్టరీ పీజీటీకి మాత్రం పీజీ, బీఈడీ రెండూ కావాలి. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టులకు ఏపీపీఎస్సీ పెట్టే పరీక్షలో అర్హత ఆ సబ్జెక్టులో పీజీయే. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ దాకా పోవాలంటే పీజీలో 55 శాతం మార్కులతోపాటు నెట్ గానీ సెట్ గానీ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు) ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి మార్కుల్లో కొంత సడలింపు ఉంది. 2023 జులై నుంచి యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ తీసేసింది.

అదీ దొరకదన్న మాటలో మాత్రం నిజం ఉంది. దాచి లాభం లేదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. 2023 చివర్లో 3,220 బోధనా పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చి, కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. ఈలోగా కాంట్రాక్టు మీద, గెస్టు ఫ్యాకల్టీగా క్లాసు లెక్కన డబ్బు తీసుకుంటూ పాఠాలు చెబుతున్నవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్లో ఉన్నారు. వాళ్లలో నెట్ పాసైనవాళ్లూ, పీహెచ్‌డీ ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఇది ఒక్క హిస్టరీకే పట్టిన గతి కాదు. అదే క్యాంపస్‌లో ఫిజిక్స్ వాళ్లూ ఇదే టెన్షన్‌లో ఉన్నారు. “ఫిజిక్స్ చదవకండి” అని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

మెసేజ్‌లో ఊసే లేని సంగతి ఒకటుంది, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్. నెట్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, వయసు 30 లోపు ఉంటే (మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు), పీహెచ్‌డీలో చేరాక మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇంటద్దె భత్యం వేరు. అన్నీ కలిపి ఐదేళ్ల వరకు. దీని గురించి చెబితే ఒక తండ్రి “చదువుకునేదానికి ఎదురు దుడ్లిస్తారా సార్?” అని నన్ను అనుమానంగా చూశాడు. ఇస్తారు. పోటీ గట్టిగానే ఉంటుంది, పరీక్ష ఏడాదికి రెండుసార్లు వస్తుంది.

టీచింగ్ కాకుండా ఏముందంటారా? పురావస్తు శాఖ ఉంది. గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం వాళ్లు పాత రికార్డుల నిర్వహణలో ఏడాది డిప్లొమా ఇస్తారు. శాసనాలంటే మోజున్నవాళ్లకు మైసూరులో కేంద్ర పురావస్తు శాఖవారి శాసన విభాగం ఉంది. మ్యూజియాలు ఉన్నాయి, తాళపత్రాల జాబితాలు తయారుచేసే ప్రాజెక్టులున్నాయి. 2025 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా రాతప్రతుల సర్వే కోసం జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. పోస్టులు తక్కువే, ఒక నోటిఫికేషన్‌కూ ఇంకోదానికీ మధ్య ఎదురుచూపులు ఎక్కువే. అయినా లేవనడం తప్పు.

మన పక్కనే గండికోట ఉంది. 2024 నవంబరులో కేంద్రం దాని అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. పెన్న లోయ ఫొటో తీసుకుని, జొన్నరొట్టె తిని వెళ్లిపోయేవాళ్లే అక్కడ ఎక్కువ. పెమ్మసాని నాయకుల కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి ఎలా వచ్చింది, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇంత దూరం ఎందుకు వచ్చాడు, ఒకే కోటలో మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం ఎలా అమరాయి అని ఒక గంటసేపు పట్టుగా చెప్పేవాళ్లు ఎంతమంది దొరుకుతారు? పర్యాటక శాఖ ఇచ్చే గైడు సర్టిఫికెట్‌కు ఎమ్మే అడగరు. కానీ చదివినవాడి మాటకూ, కంఠతా పట్టినవాడి మాటకూ తేడా వినేవాళ్లకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక గ్రూప్స్ కోచింగ్. బ్యాంకు కోచింగంటే నంద్యాల, గ్రూప్స్ అంటే హైదరాబాద్ అని మన పిల్లలు సంచి సర్దుకోవడం మామూలే. వెళ్లొద్దనడం లేదు. లెక్క మాత్రం చూడండి. గ్రూప్-2 ప్రిలిమ్స్ 150 మార్కుల్లో చరిత్రకు 30. మెయిన్స్ 300లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్రకు 75, అంటే పావు వంతు. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకుంటే మెయిన్స్ రాతపరీక్ష 1750 మార్కుల్లో 500 దానివే, జనరల్ స్టడీస్‌లో వచ్చేది అదనం. ఎమ్మే చదివినవాడు ఈ భాగానికి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అయితే ఒక్క గ్రూప్స్ కోసమే ఎమ్మేలో చేరడం కూడా తెలివైన పని కాదు. ఆ పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. హాస్టల్ సీటు కోసం పీజీలో చేరి, స్టడీ హాల్లో గ్రూప్స్ పుస్తకాలు తిరగేస్తూ రెండేళ్లు గడిపేవాళ్లు రెంటికీ చెడ్డ రేవళ్లు అవుతున్నారు. మెసేజ్ రాసినాయన చూసింది బహుశా వీళ్లనే.

ఏఐకి అంతా తెలుసన్న దాని మీద ఎక్కువ చెప్పను. మీ ఊరి కైఫీయత్తు ఏం చెబుతోందో ఫోన్లో అడగండి, తర్వాత అచ్చు సంపుటం తెరిచి సరిచూసుకోండి.

చివరిది, మన ప్రాంతపు పీజీకి విలువ లేదన్న మాట. నెట్ పేపరు ఢిల్లీలో చదివినవాడికీ, అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో చదివినవాడికీ ఒకటే. సెంట్రల్ యూనివర్సిటీ కావాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ వెళ్లొచ్చు, అక్కడి లైబ్రరీ పెద్దది, కాదనను. కానీ రాయలసీమ మీద పనిచెయ్యాలంటే మూలాలు ఇటువైపే ఉన్నాయి. బ్రౌన్ కేంద్రం కడపలో. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి, రాజుల మందగిరి రెండూ కర్నూలు జిల్లాలోనే. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులు చెన్నై ఎగ్మూరులో, కడపలో రైలెక్కితే పగటిపూట చేరిపోయే దూరం.

దీనికి తోడు మన దగ్గర ఉన్న ఒక సౌకర్యాన్ని మనమే గుర్తించడం లేదు. కడపను మయానా నవాబులు ఏలారు, కర్నూలు నవాబు పాలన 1839 దాకా సాగింది. ఆ కాలపు దస్తావేజులు చాలావరకు ఫారసీలో ఉంటాయి. కడపలో, కర్నూలులో ఉర్దూ చదవడం, రాయడం వచ్చిన పిల్లలు వేలల్లో ఉన్నారు. లిపి చేతిలో ఉంది కాబట్టి ఫారసీ నేర్చుకోవడం వాళ్లకు మిగతావాళ్లకన్నా చాలా తేలిక. ఉర్దూ మీడియం డిగ్రీతో వచ్చిన అమ్మాయికి “నీకు ఎమ్మే హిస్టరీ ఎందుకమ్మా” అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ముక్క ఒకసారి ఆలోచించాలి. తెలుగువాళ్లయితే పాత తెలుగు లిపి, కొంచెం కన్నడం మొదటి సెమిస్టర్ నుంచే పట్టుకోవాలి. నెట్ ప్రిపరేషన్ కూడా అప్పుడే మొదలవ్వాలి, పీజీ అయిపోయాక కాదు.

పీజీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ డిపార్ట్‌మెంట్‌కి ఒకసారి వెళ్లి కనుక్కోండి: శాసనాల పేపరు ఉందా, దాన్ని చెప్పేవాళ్లున్నారా, ఈ మధ్య నెట్ పాసైనవాళ్లు ఎందరు, డిజర్టేషన్ కోసం పిల్లల్ని ఊళ్లకు పంపిస్తారా లేక పాతవాటినే దించేయిస్తారా? దించేయించే చోటైతే ఆ యూనివర్సిటీని ఆప్షన్లలో కిందికి జరపండి, హిస్టరీని కాదు.