చేప కొరకాలన్నా గేటు ఎత్తాల్సిందే

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్ళే తెలుగువాళ్ళంతా ఒక పొడుగాటి వంతెన దాటతారు. లఫాయెట్ దాటాక, బేటన్ రూజ్ ఇంకా రాకముందు, ఐ-10 మీద దాదాపు 18 మైళ్ళు. కింద నీళ్ళు, నీళ్ళలో చెట్లు, చెట్లకు బూడిదరంగు జడలు. అదే అచాఫలాయా చిత్తడి. కారులో సగంమంది అప్పటికే నిద్రలో ఉంటారు. మిగతా సగం "ఇక్కడ చేపలు పడతాయా?" అని అడుగుతారు. పడతాయి. కాకపోతే అమెరికా కాంగ్రెస్ దయ ఉండాలి.

వేళాకోళం కాదు. నీటి వాటాల సంగతి మనకొకరు చెప్పాలా? కృష్ణలో మన వాటా 811 టీఎంసీలని బచావత్ తేలిస్తే, 2015లో 512కు 299 అని రాసుకుని, ఆ రాసుకున్నదాని మీద ఇప్పటికీ తగువులాడుకుంటున్న జాతి మనది. అక్కడ కథా అదే. మిసిసిపీ నీళ్ళు సముద్రంలో కలవడానికి అచాఫలాయా నది దారి దాదాపు సగం దూరం. నీరు పల్లమెరుగు కదా, వదిలేస్తే నది మొత్తం ఇటే మళ్ళుతుంది, న్యూ ఆర్లీన్స్ రేవు మురుక్కాలవ ఒడ్డున మిగులుతుంది. అందుకని 1954లో కాంగ్రెస్ చట్టం చేసింది. 1963కల్లా, మిసిసిపీని అచాఫలాయాకు కలిపే ఓల్డ్ రివర్ దగ్గర గేట్లు లేచాయి. మిసిసిపీ, రెడ్ నదుల నీళ్ళు కలిపి నూటికి 30 పాళ్ళు అచాఫలాయాకు, 70 మిసిసిపీకి. 1973 వరదలో నది ఈ ఒప్పందాన్ని ఒప్పుకోనంటూ గేట్ల పునాదినే తొలిచింది. 1986లో పక్కన ఇంకో కట్టడం లేపి దాన్ని మళ్ళీ దారికి తెచ్చారు. నీరు పల్లమెరుగు, వాటా ఆ గేట్లు తిప్పే అమెరికా సైన్యం ఇంజనీర్లెరుగుదురు.

కాబట్టి చిత్తడి నడుమనున్న బ్యూట్ లా రోజ్ దగ్గర నీటిమట్టం ఎంతుందో చూడకుండా రెండొందల డాలర్ల గాలంకర్ర కొన్నవాడు ఓటర్ల జాబితా చూడకుండా నామినేషన్ వేసిన అభ్యర్థితో సమానం. ఆ మట్టం అడుగుల్లో, రోజూ, ఉచితంగా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఉచితం కాబట్టే ఎవరూ చూడరు.

చూడాల్సింది అంకె కాదు, ఎక్కుతోందా దిగుతోందా అన్నది. నీళ్ళు ఎక్కుతుంటే చేప అడవిలోకి పోతుంది. నిన్నటిదాకా ఎండుటాకులున్న నేల మీద ఇవాళ రెండడుగుల నీళ్ళు, అందులో పురుగులు, వానపాములు, రొయ్యల్లాంటి క్రాఫిష్‌లు. వేల ఎకరాల పెళ్ళిభోజనం అది. అందులో మీ ఎర ఒక మెతుకు. ఆ వారం గాలం వెయ్యడమంటే కొంగ జపమే, కొంగకైనా ఫలితం ఉంటుంది. దిగుతుంటే సీను మారుతుంది. అడవి నీళ్ళు సన్నపాయల గుండా కాలవల్లోకి జారతాయి, వాటితోపాటు చిన్నచేపలూ కొట్టుకొస్తాయి. పాయ మూతి దగ్గర పెద్దచేపలు బంతిలో కూర్చుని ఉంటాయి. నల్లటి అడవినీరు, బురదరంగు నదినీరు కలిసేచోట గీత గీసినట్టు కనబడుతుంది. గాలం ఆ గీతకు నల్లవైపు వెయ్యాలి.

అయితే నలుపుల్లోనూ రకాలున్నాయి. టీ డికాషన్ రంగు మామూలే, అది ఆకుల రసం. వేసవి మొదట్లో నీళ్ళు కదలకుండా నిలిచిపోతే, కింద ఆకులు కుళ్ళి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. అప్పుడు కుళ్ళుగుడ్డు వాసన వస్తుంది, చిన్నచేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. క్రాఫిష్ పట్టేవాళ్ళు బుట్ట మూతి నీటిపైకి ఉండేలా నిలబెట్టేది ఇందుకే, లేకపోతే పడ్డవన్నీ లోపలే చస్తాయి. 1992లో ఆండ్రూ తుపాను ఈ కుళ్ళంతా ఒక్కసారి కలియబెట్టేసరికి చేపలు కుప్పలుగా తేలాయి. ఆ వాసన తగిలితే ఏ ఎర పెట్టాలా అని ఆలోచించకండి, పడవ తిప్పండి.

ఇక సామాను. అక్కడివాళ్ళు ప్రాణంగా చూసుకునే చేప క్రాపీ. వాళ్ళ ఫ్రెంచిలో సాకలే, అంటే పాలసంచి. దీనికి తీగ చుట్టే చక్రమూ వద్దు, విసరడమూ వద్దు. 10 నుంచి 12 అడుగుల సన్నకర్ర, 8 పౌండ్ల బరువు ఆపే తీగ, ఔన్సులో పదహారోవంతు తలబరువున్న జిగ్ (తలకు బరువు పోసిన కొక్కెం), దానికి రెండు మూడడుగుల పైన బెండు. పడవను చెట్టుకు కర్రంత దూరంలో ఆపి, సైప్రస్ మొదలుకు బెత్తెడు పక్కన నిట్టనిలువుగా దింపాలి. తర్వాత బెండు మునుగుతుందని కళ్ళు చించుకుని చూస్తారు అందరూ. క్రాపీ ఎరను కిందినుంచి అందుకుని పైకి లేస్తుంది. బరువు తప్పగానే బెండు మునగదు, పక్కకు పడుకుంటుంది. పడుకున్న బెండును చూసి "అలల వల్ల" అనుకునేవాళ్ళే ఆ చిత్తడిలో చేపల సంరక్షకులు. లాగేటప్పుడు ఊపుగా గుంజితే దాని పెదవి కాగితంలా చిరిగి, కొక్కెం ఒక్కటే వస్తుంది. మెల్లగా ఎత్తాలి, పాలమీద మీగడ ఎత్తినట్టు.

కొక్కెం మాత్రం సన్నతీగది కొనాలి. దుకాణంలో "గట్టిది తీసుకోండి సార్" అంటారు. నీటి కింద నూరేళ్ళనాడు నరికిన సైప్రస్ మొద్దులు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటికి తగులుకోని గాలం లేదు. సన్నకొక్కెం లాగితే సాగి ఊడొస్తుంది, చేత్తో వంచుకుని మళ్ళీ వాడుకోవచ్చు. గట్టిది మొద్దుకు కానుకగా మిగిలిపోతుంది. అంతకన్నా మంచి మార్గం, కర్రకొసను కొక్కెం దాకా దింపి వెనక్కి నెట్టడం. కర్రను విల్లులా వంచి గుంజితే మాత్రం జిగ్ తిరిగొచ్చి సరిగ్గా ముక్కు వెతుక్కుంటుంది.

పాములంటే అందరికీ భయం. నిజానికి కొమ్మ కింద పడవ కట్టేముందు వెతకాల్సింది ఎర్రకందిరీగల పట్టును. పడవను నీళ్ళలోకి దింపేముందు చూడాల్సింది దాని అడుగున బిరడా పెట్టామా లేదా అన్నది. పట్టిన చేపల్ని తాడుకు గుచ్చి నీళ్ళలో వేలాడదీస్తే మొసలికి భోజనం వడ్డించినట్టే, ఐసుపెట్టెలో వెయ్యండి.

ఇంతలో గాలి మళ్ళితే కాలవ మూతికి పచ్చటి తలుపు పడుతుంది. అది మన కొల్లేటి గుర్రపుడెక్కే, అక్కడా అదే బాధ. మోటారు నీళ్ళు పీల్చే రంధ్రం మూసుకుపోయి ఇంజను వేడెక్కుతుంది. పక్కనుంచి చిమ్మే సన్నధార ఆగిందంటే వెంటనే ఆపి, మోటారెత్తి ఆకులు తీసెయ్యాలి. దీనికి శాశ్వత పరిష్కారం ఎప్పుడో దొరికింది. 1910లో లూసియానా సభ్యుడు రాబర్ట్ బ్రూసార్డ్ ఆఫ్రికా నుంచి హిప్పోలను దింపుదామని, అవి ఈ మొక్కను మేస్తాయని, వాటిని జనం తింటారని, రెండున్నర లక్షల డాలర్లు ఇమ్మని బిల్లు పెట్టాడు. గుర్రపుడెక్కకు నీటిగుర్రం! ఇంత ముచ్చటైన జత, కాంగ్రెస్‌కు తెలుగు రాక, నెగ్గకుండా పోయింది.

చివరిగా కొర్రమీను బెంగ. ప్రాణంతో ఉన్న కొర్రమీనును అమెరికాలోకి తేవడం 2002 నుంచి నిషేధం. అందుకని చిత్తడిలో పొడుగు వీపురెక్క, నల్లటి ఒళ్ళు ఉన్న చేప పడగానే మనవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి చింతపండు నానబెట్టమంటారు. తొందరపడకండి. తిప్పి పొట్టకింద తోకవైపు రెక్క చూడండి. కొర్రమీనుకు అది పొడుగు, దీనికి పొట్టి. ఇది షూపిక్, బోఫిన్ అని కూడా అంటారు. ఐసు లేకుండా గంటసేపు ఉంచితే కండ దూదైపోతుంది, పులుసులో వేస్తే ముక్క దొరకదు. పట్టగానే కోసి, ఐసులో పెట్టి, ఇంటికొచ్చాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి వడల్లా వేయించుకోవాలి. అక్కడి ఫ్రెంచి సంతతివాళ్ళు, కేజన్‌లూ అలాగే చేస్తారు.

నీళ్ళు కుళ్ళిన రోజున కూడా ఇది బతికే ఉంటుంది. గేట్లు ఎత్తినా దించినా, అది తాపీగా పైకొచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ మొద్దు కిందికి వెళ్ళిపోతుంది.