‘లైట్ తీస్కో తమ్ముడూ’ అన్నవాళ్ళెవరూ ఇవాళ ఆ కౌంటర్ దగ్గర లేరు

ఇప్పుడే చెన్నైలో మా కాలేజీ డిపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి హాస్టల్‌కి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. మధ్యాహ్నం మెస్‌కి కూడా వెళ్ళలేదు. ముందు ఇది రాసేస్తే గానీ ముద్ద దిగదు.

ప్రాజెక్ట్ రిపోర్ట్ మీద సంతకం కోసం వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఒక ఫస్టియర్ అబ్బాయి నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి మేడం తమిళంలో గబగబా ఏదో చెబుతున్నారు. వాడు ‘సరి మేడం, సరి మేడం’ అంటూ తల ఊపుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పక్కకి పిలిచి ‘ఏ ఊరు తమ్ముడూ?’ అని అడిగాను. ‘పెద్దాపురం అండి’ అన్నాడు. తెలుగు వినపడిందో లేదో, ఇక ఆగలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు మోచేత్తో మొహం దాచుకుని ఏడ్చాడు.

వాడి ఫోన్‌లో అటెండెన్స్ పేజీ తెరిచే ఉంది. మిగతా సబ్జెక్టులన్నీ ఆకుపచ్చ. మ్యాథ్స్ ఒక్కటే ఎరుపు. 71.11. మొత్తం 45 క్లాసుల్లో 32కి వచ్చాడు. పరీక్ష రాయాలంటే 75 శాతం, అంటే 34 ఉండాలి. రెండంటే రెండే క్లాసులు తక్కువ. ఆ రెండింటి కోసం హాల్‌టికెట్‌లో మ్యాథ్స్ పేపర్ లేదు. పరీక్ష రాయడానికి లేదు, వచ్చే ఏడాది ఆ కోర్సు మళ్ళీ మొదటి నుంచి క్లాసులో కూర్చుని చదవాలి, దానికి ఫీజు వేరే.

ఎలా పోయాయి ఆ 13 క్లాసులు? వాడే వేళ్ళ మీద లెక్క చెప్పాడు. సంక్రాంతికి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్ళాడు. ఇక్కడ పొంగల్ సెలవులు అయిపోయి క్లాసులు మొదలయ్యాయి, వీడు మాత్రం ఇంకో వారం ఆగి వచ్చాడు. అక్కడ అయిదు. తర్వాత కాలేజ్ ఫెస్ట్‌లో వాలంటీర్‌గా స్టేజీ కట్టాడు, కుర్చీలు మోశాడు. అక్కడ ఇంకో అయిదు. మార్చిలో జ్వరం వచ్చి మూడు. మరి అప్పుడే ఎందుకు చూసుకోలేదురా అంటే వాడు చెప్పిన మాట విని నాకు నోట మాట రాలేదు. ‘అన్న చూసుకుంటానన్నాడండి అక్కా.’

ఎవరా అన్న? నా క్లాస్‌మేట్. ఒకే సెక్షన్‌లో నాలుగేళ్ళు చదివాం. ఫెస్ట్ కోసం పిల్లల్ని పోగేసినవాడు, ‘మీ అందరికీ ఓడీ వేయిస్తా, లైట్ తీస్కోండి’ అని గ్రూప్‌లో మెసేజ్ పెట్టినవాడు. ఓడీ అంటే ఊరికే నోటితో అనేది కాదు. కాలేజీ పని మీద మానిన క్లాసులకి హాజరు వేయించే ఆన్ డ్యూటీ ఫారం ఉంటుంది, అందులో తేదీలు, పీరియడ్లు రాయాలి, ప్రోగ్రాం చూసిన లెక్చరర్ సంతకం పెట్టాలి, అది మా దగ్గర వారం లోపల ఫ్యాకల్టీ అడ్వైజర్‌కి చేరాలి. ఆ అన్న తన పేరు మీద, తన బ్యాచ్ వాళ్ళ పేర్ల మీద ఫారాలు ఇచ్చేశాడు. ఫస్టియర్ వాళ్ళవి ఇవ్వలేదు. మర్చిపోయాడట. అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేశాను. ‘ఏంటే, ఇంత చిన్నదానికి? కండోనేషన్ ఫీజు కట్టేస్తే అయిపోద్ది కదా’ అన్నాడు.

అయిపోదు! ఎన్నిసార్లు చెప్పాలి? అది జేఎన్టీయూ కాలేజీల్లో చదివే ఫ్రెండ్స్ దగ్గర విన్న మాట. అక్కడ 65కి, 75కి మధ్యలో ఉంటే కాలేజీ కమిటీ ఒప్పుకుంటే ఫీజు కట్టి గట్టెక్కే దారి ఉంది. ఇక్కడ మా రూల్ వేరు. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకి అనారోగ్యం ఉంటేనే మినహాయింపు, అదీ తిరిగి క్లాసుకొచ్చిన వారంలో మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి ఉంటేనే. జ్వరం వచ్చిన మూడు రోజులకి వాడు కాగితం తెచ్చి ఇచ్చి ఉంటే ఇవాళ పరీక్ష రాసేవాడు. దానికీ ‘చివర్లో అన్నీ కలిపి ఇద్దాంలే’ అని ఆ అన్నే చెప్పాడట. నాలుగేళ్ళలో మా రూల్ బుక్కు ఒక్కసారి తెరవనివాడు ఊరందరికీ సలహాలు చెప్పడమేంటి? తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా. అది చెబితే పరువు పోతుందా?

ఇంకో మాట. అరియర్ అంటే ఏంటో మన వాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పరు. తప్పిన సబ్జెక్టుని మనం బ్యాక్‌లాగ్ అంటాం, ఇక్కడ అరియర్ అంటారు. క్లియర్ చేస్తే పోతుంది అనుకుంటారు. పోదు. ప్లేస్‌మెంట్స్‌కి వచ్చే కంపెనీల్లో కొన్ని ‘స్టాండింగ్ అరియర్స్’, అంటే ఇంకా పాసవ్వనివి, ఉండకూడదంటాయి, కొన్ని అసలు ‘హిస్టరీ ఆఫ్ అరియర్స్’ ఉండకూడదంటాయి. అంటే ఎప్పుడో ఫస్టియర్‌లో తప్పి, తర్వాత రాసి పాసైనా ఫారంలోనే ఆపేస్తారు. మొన్న ఆగస్టులో నా రూమ్మేట్ ఫ్రెండ్‌కి అదే జరిగింది. కోడింగ్‌లో మా అందరికంటే ముందుండే అమ్మాయి, టెస్ట్ రాసే అవకాశం కూడా రాలేదు. ఆ రోజు రాత్రి మెట్ల మీద కూర్చుని ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. అందుకే ఇవాళ ఆ పిల్లాడిని చూస్తే నాకు మూడేళ్ళ తర్వాత ఏం జరుగుతుందో కూడా కనిపించింది.

తప్పు వాడిది కూడా ఉంది కదా అనేవాళ్ళు వస్తారు, తెలుసు. ఉంది. కానీ ఆ పిల్లాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. రెండేళ్ళు ఇంటర్ హాస్టల్‌లో ఉన్నాడు. తెల్లారుజామున ఎవరో విజిల్ వేస్తే లేవడం, ఎవరో చెప్పిన చోట కూర్చోవడం, ఎవరో ఇచ్చిన పేపర్ రాయడం. ఫోన్ లేదు, ఆదివారం అమ్మానాన్న వస్తేనే బయటి మొహం. అక్కడ అటెండెన్స్ మన పని కాదు, వాళ్ళే గదిలోంచి లాక్కెళ్ళి కూర్చోబెడతారు. ప్రశ్న అడిగితే చివాట్లు. అలాంటి పిల్లాడిని తీసుకొచ్చి వేలమంది చదివే క్యాంపస్‌లో పడేస్తే వాడు ఏం చేస్తాడు? తెలుగు మాట్లాడే పెద్దవాడు ఎవడు దొరికితే వాడి వెనకాల నడుస్తాడు. వాడు చెప్పిందే వేదం. ఆ నమ్మకంతోనే ఈ అన్నలు ఆడుకుంటున్నారు.

అసలు నా కడుపుమంట ఇంకోటి ఉంది. నాలుగేళ్ళ నుంచి ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్పేస్తాను.

నేను ఒంగోలు నుంచి వచ్చిన మొదటి వారం. హాస్టల్ మెస్‌లో ఒక తెలుగు సీనియర్ అక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ సాంబారు, ఆ ఉప్పుడు బియ్యం అన్నం మధ్యలో తెలుగు వినపడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. ‘ఏ ఊరు?’ అంది. చెప్పాను. ‘ఇంటిపేరేంటి?’ అంది. చెప్పాను. ఒక్క క్షణం ఆగింది. ‘అంటే...’ అని ఇంకో ప్రశ్న అడిగింది. ఏ ప్రశ్నో చదివే మీకు తెలుసు. సమాధానం విని ‘ఓహో, సరే’ అని ప్లేటు తీసుకుని వెళ్ళిపోయింది. పెరుగన్నం సగం అలాగే ఉంది ఆ ప్లేటులో. నాకిప్పటికీ గుర్తే.

తర్వాత తెలిసింది. మా బ్యాచ్ తెలుగు అమ్మాయిలందరినీ ఒక గ్రూప్‌లో వేశారు, నన్ను వేయలేదు. పాత ప్రశ్నపత్రాలు అందులోనే వచ్చేవి. ఏ లెక్చరర్ స్లాట్ తీసుకుంటే బాగా చెబుతారు, ఏ ల్యాబ్‌లో రికార్డ్ ఎలా రాయాలి, రిజిస్ట్రేషన్ పేజీ ఏ టైముకి తెరుచుకుంటుంది, అన్నీ అందులోనే. నేను మొదటి సెమిస్టర్‌లో అన్ని స్లాట్లు నిండిపోయాక లాగిన్ అయి, మిగిలినవాటిల్లో చేరాను. మార్కులు ఇక్కడ క్లాసు మొత్తాన్ని చూసి గ్రేడ్‌గా వేస్తారని కూడా నాకు తెలియదు. 70 వస్తే సంతోషపడ్డాను, క్లాసంతా 85 తెచ్చుకుంటే నా 70కి ఏ గ్రేడ్ వస్తుందో రిజల్ట్ చూశాకే అర్థమైంది. అమ్మకి ఫోన్‌లో ‘బాగానే వచ్చాయమ్మా’ అని చెప్పి బాత్రూంలోకెళ్ళి కొళాయి తిప్పుకున్నాను.

నన్ను ఆదుకున్నది ఎవరో తెలుసా? తిరునెల్వేలి అమ్మాయి, నా రూమ్మేట్. ఆమెకి తెలుగు రాదు, నాకప్పుడు తమిళం రాదు. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లీషు. రెగ్యులేషన్స్ పీడీఎఫ్ తెరిచి, పసుపు రంగు గీతలు పెట్టి, ‘ఇది చదువు, ఇది చదువు’ అని నా ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఆదివారాలు ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కించి కోటూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీకి తీసుకెళ్ళింది. 2010లో తెరిచిన అంత పెద్ద లైబ్రరీ, మన పుస్తకాలు మనం తీసుకెళ్ళి చదువుకోవడానికి వేరే హాలే ఉంది, ఏసీలో రోజంతా కూర్చోవచ్చు. చెన్నైలో రెండేళ్ళు చదివి దాని పేరు వినని తెలుగు పిల్లలు నాకు ఎంతమందో తెలుసు. వాళ్ళకి ఏ మాల్‌లో ఏ షో ఉందో మాత్రం అన్నలు చెబుతారు.

ఆ రోజు నుంచి నేను ఏ జూనియర్ని కలిసినా ఊరు అడుగుతాను, అక్కడితో ఆపేస్తాను. ఇంటిపేరు నాకు అక్కర్లేదు.

ఫస్టియర్ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వినండి. ప్రతి శుక్రవారం అటెండెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, వచ్చినా రాలేదని పడితే ఆ వారంలోనే లెక్చరర్ దగ్గరికి వెళ్ళండి, నెల దాటితే వాళ్ళకీ గుర్తుండదు. 45 క్లాసుల కోర్సుకి 11 మానొచ్చు. ఆ 11 జ్వరాలకి దాచుకోండి, సంక్రాంతికి ఖర్చు పెట్టకండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, క్లాసులు మొదలయ్యే రోజుకి తిరుగు టికెట్ అప్పుడే తీసుకోండి, వెయిటింగ్ లిస్ట్ పేరు చెప్పి ఊళ్ళో వారం ఉండిపోకండి. మీ ఓడీ ఫారం మీ చేత్తో మీరే ఇవ్వండి, ఒక ఫోటో తీసుకోండి. ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే, ‘ఇది ఏ పేజీలో ఉంది?’ అని అడగండి. తమిళం కొంచెం నేర్చుకోండి. ‘పురియలే మేడం’ అంటే అర్థం కాలేదని. ఆ ఒక్క మాట వచ్చి ఉంటే ఇవాళ ఆ పిల్లాడు అరగంట సేపు ‘సరి, సరి’ అని తల ఊపేవాడు కాదు. ఎందుకంటే ఆ మేడం చెప్పింది మంచి మాటే. నేను వెళ్ళి అడిగితే తెలిసింది. ‘ఫెస్ట్ చూసిన లెక్చరర్ నుంచి ఆలస్యానికి కారణం రాయించుకుని రేపు పొద్దున పది లోపల హెచ్‌ఓడీకి ఇస్తే ఆయన చూస్తారు’ అని ఆమె మూడుసార్లు చెప్పారట వాడికి.

మూడుసార్లు. వాడేమో అంతా అయిపోయిందనుకుని నిలబడి ఉన్నాడు.

నా క్లాస్‌మేట్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి అరిచాను, హాస్టల్ వరండాలో అందరూ చూశారు, చూడనీ. రేపు తొమ్మిదింటికి ఆ లెక్చరర్ గది ముందు ఉండాలని చెప్పాను. వాలంటీర్ల లిస్టు, ఫోటోలు వాడి దగ్గరే ఉన్నాయి. వస్తానన్నాడు. రాకపోతే ఆ గ్రూప్ మెసేజ్ ప్రింటు తీసి నేనే పట్టుకెళ్తాను. పెద్దాపురం పిల్లాడు ఇంట్లో ఇంకా చెప్పలేదు. వాళ్ళ నాన్న సాయంత్రం ఏడింటికి రోజూ ఫోన్ చేస్తారట. ‘ఏం చెప్పమంటారండి అక్కా?’ అని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. మెస్‌కి వెళ్ళి తిన్నావా అని అడిగాను. లేదన్నాడు. కింద గేటు దగ్గరికి రమ్మన్నాను, వెళ్తున్నా.