కూర్చోనిచ్చే కాఫీ హోటల్ ఏదీ?

ఈమధ్య హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక కాఫీ షాపుకు పాత స్నేహితుడితో కలిసి వెళ్లాను. రెండు కాఫీలకు 500 రూపాయలు దాటింది. డబ్బు సంగతి అలా ఉంచితే, మాకు దొరికిన స్టూళ్లకు వీపు ఆనించుకునే వీల్లేదు, కాళ్లు నేలకు అందవు. రెండు కప్పులు, రెండు ఫోన్లు పెడితే బల్ల నిండిపోయింది. పాటల మోతకి ఎదుటివాడి మాట వినబడాలంటే ముందుకు వంగాలి. అరగంట కాగానే ఒక కుర్రాడు వచ్చి "ఇంకేమైనా ఆర్డర్ చేస్తారా సార్?" అని అడిగాడు. పావుగంటకి మళ్లీ వచ్చాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, చెప్పిన పని చేస్తున్నాడు. ఆరేళ్ల తర్వాత కలిసిన మేమిద్దరం మాట మధ్యలో లేచి వచ్చేశాం. బయట పార్కింగ్‌లో బైక్‌కి ఆనుకుని నిలబడి మరో గంట మాట్లాడుకున్నాం.

కాఫీ షాపులు కాఫీ అమ్ముతాయనుకుంటాం. నా లెక్కలో అవి అద్దెకిచ్చేది చోటు. అక్కడ ఎవరు కూర్చోవచ్చు, ఎంతసేపు కూర్చోవచ్చు అన్నది కప్పు ధర, కుర్చీ ఎత్తు, బల్ల వెడల్పు కలిసి తేలుస్తాయి.

పాలకులకు ఈ సంగతి ముందే తెలుసు. 1511లో మక్కాలో అధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించాడు. 1675 డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కాఫీ హౌస్‌లన్నీ మూసేయమని ప్రకటన ఇచ్చాడు. జనం గోల చేయడంతో అది అమల్లోకి రాకముందే, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. రాజుకి కాఫీ మీద కోపం లేదు. ఒక్క పెన్నీ పెట్టి లోపలికొచ్చిన వర్తకుడు, నావికుడు, గుమాస్తా ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రభుత్వం గురించి మాట్లాడుకోవడమే ఆయనకు టెన్షన్. ఆ బల్లల దగ్గర ఊరికే కబుర్లే నడిచాయనుకోకండి. ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్‌లో ఓడల వార్తల కోసం చేరినవాళ్ల మధ్యే లండన్ ఓడల బీమా వ్యాపారం పెరిగింది. లాయిడ్స్ అనే లండన్ బీమా మార్కెట్ పేరు అక్కడిదే.

మన దేశంలో ఇండియన్ కాఫీ హౌస్ కథ నాకు చాలా ఇష్టం. 1930లలో కాఫీ తోటల పంటకు దేశంలోనే గిరాకీ పెంచాలని ఇండియా కాఫీ హౌస్‌లు మొదలుపెట్టారు. 1950ల మధ్యలో కాఫీ బోర్డు వాటిని మూసేస్తుంటే పనివాళ్లు రోడ్డున పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్లకు తోడు నిలిచి, మీరే సహకార సంఘాలు పెట్టుకుని నడుపుకోండి అన్నారు. 1957లో బెంగళూరులో మొదటి సంఘం ఏర్పడింది. అదే ఏడాది ఢిల్లీలో కాఫీ హౌస్ తెరిచారు. నిన్నటిదాకా జీతానికి పనిచేసిన మనిషే అక్కడ యజమాని. అందుకే ఆ బేరం వేరేగా ఉంటుంది. కుచ్చు తలపాగా పెట్టుకున్న సర్వర్ కప్పు పెట్టి వెళ్లిపోతాడు, కదలమని తొందరపెట్టడు. ఎమర్జెన్సీ రోజుల్లో కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్‌ను కూల్చేశారంటే, ఆ బల్లల దగ్గర జరిగే మాటల బలం ఎంతో అర్థమవుతుంది.

డిజైన్ అంటే ఏమిటో చూడాలంటే తిరువనంతపురం వెళ్లాలి. తంపానూరులో రైల్వే స్టేషన్‌కీ బస్టాండ్‌కీ పక్కనే ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం ఉంటుంది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ అది. లోపల అంతస్తులుండవు. నత్తగుల్లలా చుట్టూ తిరుగుతూ మెల్లగా పైకి పోయే ఒకే ఒక వాలు నేల. బయటి గోడ వెంట వరసగా బల్లలు, బెంచీలు. అన్నీ కట్టుబడిలో భాగమే కాబట్టి వాటిని జరపలేరు, తీసేసి స్టూళ్లు వేయలేరు. గోడ నిండా చిన్న చిన్న కంతలు, ప్రతి బల్లకీ గాలీ వెలుతురూ వాటిలోంచే వస్తాయి. ఏసీతో పనిలేదు. కరెంటు ఖర్చు తగ్గితే కాఫీ ధర కూడా అదుపులో ఉంటుంది. బస్సు దిగిన కూలీ సంచి పక్కన పెట్టుకుని కూర్చుంటాడు, ఆ పై బల్ల దగ్గర వకీలు పేపరు చదువుకుంటాడు. తక్కువ ఖర్చులో అంత మర్యాదగా కూర్చోబెట్టే హోటల్ నేనింకొకటి చూడలేదు.

హైదరాబాద్‌లో ఆ పని ఇరానీ హోటళ్లు చేశాయి. అక్కడ తాగేది చాయ్ అయినా నడిచింది కాఫీ హౌస్ కొలువే. వీధి మూలన రెండు వైపులా తెరిచిన గది, పాలరాతి బల్ల, చెక్క కుర్చీ. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకునే 'వన్ బై టూ' నాకు గొప్ప ఏర్పాటుగా కనిపిస్తుంది. ఒక కప్పు డబ్బుకి రెండు కుర్చీలు దొరుకుతాయి. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్న రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, ఎం.ఎఫ్. హుసేన్ లాంటి చిత్రకారులు అక్కడ గంటలు గంటలు కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఓరియంట్ లేదు. అలాంటివి చాలా మూతపడ్డాయి. సెంటర్‌లో ఉన్న జాగాకి వచ్చే అద్దె ముందు చాయ్ లెక్క ఎప్పటికీ తేలదు మరి.

అయితే పాతదంతా బంగారం అనను. ఆ కొలువుల్లో ఆడవాళ్లు ఎక్కడ? మహా అయితే కర్టెన్ వెనక ఫ్యామిలీ రూమ్‌లో. కులం సంగతి ఇంకా ఘోరం. సహకార సంఘం పుట్టిన ఆ 1957లోనే మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయమని పెరియార్ ఉద్యమం నడపాల్సి వచ్చింది. మన ఊళ్లలో దళితుల గ్లాసు విడిగా చూరులోనో గూట్లోనో ఉండేది. తాగి, వాళ్లే కడిగి అక్కడ పెట్టాలి. గ్లాసు ఎక్కడ పెట్టాలన్నది కూడా డిజైనే, మనిషిని అవమానించడానికి చేసిన డిజైన్. ఆ లెక్కన 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్‌లో కెఫే కాఫీ డేతో మొదలైన అద్దాల షాపులు ఒక మేలు చేశాయని ఒప్పుకోవాలి. ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకున్నా ఎవరూ తేరిపార చూడని చోటు చాలా ఊళ్లకు అలా వచ్చింది. కానీ ఆ చోటు డబ్బున్న అమ్మాయికే.

లేనివాళ్ల పరిస్థితి చూడాలంటే సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ వైపు వెళ్లండి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీ బండి దగ్గర పేపర్ కప్పులతో నిలబడి ఉంటారు. కరెంట్ అఫైర్స్ చర్చ మంచి జోరు మీద ఉంటుంది, కానీ నోట్స్ తెరిచి పెట్టుకోవడానికి బల్ల ఉండదు. ఒకరు పుస్తకం పట్టుకుంటే ఇంకొకరు పేజీ తిప్పుతారు.

ఇక్కడ మన ప్రభుత్వాలు చేయగలిగిన పని ఒకటుంది. పాడేరు, అరకు కొండల్లో లక్షకు పైగా గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్లు పెట్టారు. సంతోషమే. గింజ కొని అమ్మడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. ఆ సంస్థ స్టాళ్లతో ఆగకుండా విశాఖలో, విజయవాడలో, తిరుపతిలో బస్టాండ్ల పక్కన, జిల్లా గ్రంథాలయాల ఆవరణల్లో కాఫీ హౌస్‌లు పెట్టాలి. జాగా ప్రభుత్వానిదే కనుక అద్దె బరువు ఉండదు. నడిపేది గిరిజన యువత, వాళ్ల సహకార సంఘమే. గోపాలన్ చూపించిన దారి, బేకర్ చూపించిన కట్టుబడి రెండూ మన ముందే ఉన్నాయి. ఏసీ అక్కర్లేదు, మంచి గాలి వచ్చే గోడ కట్టండి. వీపు ఆనే బెంచీలు వేయండి. ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్ పెట్టండి. బల్ల మాత్రం నలుగురు నాలుగు పుస్తకాలు తెరుచుకునేంత వెడల్పు ఉండాలి.