కాలితో తన్నేస్తే సరిపోయేది!

మొన్నొక పెళ్లి భోజనంలో పక్క కుర్చీ పెద్దమనిషి గుత్తొంకాయ వేయించుకుంటూ, ఎవరూ అడక్కుండానే, “ఆ సిరాజ్ కాలితో తన్నేస్తే సరిపోయేదండీ” అన్నాడు. మాటతో ఊరుకున్నా బాగుండేది. ఎలా తన్నాలో బల్ల కింద చేసి చూపించాడు. నా మోకాలికి తగిలింది. మనిషికి తన్నే శక్తి ఉందని నేను సాక్ష్యం చెప్పగలను.

ఇంగ్లండ్ మీద లార్డ్స్‌లో ఆ క్రికెట్ టెస్టు జరిగింది 2025 జులైలో. తర్వాత ఆ సిరీస్ 2-2తో సమమైంది. ఇంకో రెండు జట్లు మన దేశానికొచ్చి ఆడి వెళ్లిపోయాయి. ఆ పెళ్లికొడుక్కి సంబంధం చూడ్డం, కుదరడం, శుభలేఖలు పంచడం, తాళి కట్టడం అన్నీ అయిపోయాయి. ఈయన మాత్రం ఇంకా లార్డ్స్‌లో ఆ ఒక్క బంతి దగ్గరే కూర్చున్నాడు.

ఆ బంతి ఏమిటో గుర్తుచేస్తాను. మర్చిపోయినవాళ్లు ఎవరూ ఉండరనుకోండి, అయినా. గెలవాలంటే 193 పరుగులు కావాలి. అయిదో రోజు లంచ్‌కి మనవాళ్లు 112 పరుగులకి 8 వికెట్లు. అక్కణ్నుంచి జడేజా, బుమ్రా కలిసి 35 పరుగులు లాక్కొచ్చారు. బుమ్రా 54 బంతులు ఆడాడు. మన ఓపెనర్ యశస్వి ఆడింది అందులో ఎంత అని అడగొద్దు, ఆయన సున్నాకే వెళ్లిపోయాడు. తర్వాత పదకొండో నంబర్ సిరాజ్ వచ్చి 30 బంతులు నిలబడ్డాడు. ముప్పయ్యో బంతి వేసింది షోయబ్ బషీర్, ఎడమ చేతి వేలు విరిగి కట్టుతో ఉన్న మనిషి. సిరాజ్ సరిగ్గా ఆడాడు. బ్యాట్ మధ్యలో తగిలింది. తగిలి కింద పడి, ఏదో మర్చిపోయి ఇంటికి వెనక్కొచ్చిన మనిషిలా మెల్లగా వెనక్కి తిరిగి లెగ్ స్టంప్‌ని ముట్టుకుంది. గట్టిగా కొట్టనైనా లేదు. స్టంప్స్ మీదుండే బెయిల్ పుల్ల ఒకటి కింద పడింది. 170 ఆలౌట్, 22 పరుగుల తేడాతో ఓటమి.

సిరాజ్ అక్కడే కూలబడ్డాడు. ఇంగ్లండ్ వాళ్లు రూట్, క్రాలీ వచ్చి లేపారు. మర్నాడు మనవాళ్లు కలిస్తే, ఆ ఆఖరి బ్యాటర్ అవుటైన తీరు దురదృష్టం అని బ్రిటన్ రాజు చార్లెస్ అన్నాడని మన కెప్టెన్ గిల్ చెప్పాడు. మనల్ని ఏలిన వంశం కూడా జాలిపడింది. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు మాత్రం జాలిపడలేదు.

న్యాయంగా చెప్పాలంటే తన్నడం తప్పు కాదు. వికెట్ కాపాడుకోవడానికి బంతిని రెండోసారి బ్యాట్‌తోనో కాలితోనో ఆపుకోవచ్చని రూల్‌బుక్‌లోనే ఉంది. కాబట్టి సిరాజ్ చేయాల్సిందల్లా ఇది: బంతిని ఆడాలి, అది వెనక్కి వస్తోందని వీపుతో చూడాలి, గిరుక్కున తిరగాలి, స్టంప్స్ తగలకుండా దాన్ని మాత్రమే తన్నాలి. లార్డ్స్‌లో అయిదో రోజు, ఒక్క వికెట్ మిగిలి ఉన్నప్పుడు. సోఫాలోంచి రిమోట్ అందుకోవడానికి కూడా పిల్లల్ని పిలిచేవాళ్ల కాళ్లలో ఇంత వేగం దాగి ఉందని మన ఫుట్‌బాల్ పెద్దలకి ఇంతవరకూ తెలియకపోవడం దురదృష్టం.

ఓటమి మర్నాడు సాయంత్రం మా సెల్లార్‌లో సెలెక్షన్ కమిటీ సమావేశమైంది. అధ్యక్షులు మూడో అంతస్తు రిటైర్డ్ బ్యాంకు ఆయన. ఈయన 1999 చెన్నై టెస్టు నుంచి ఇంకా కోలుకోలేదు. పాకిస్థాన్ మీద 271 కొట్టాల్సిన మ్యాచ్, సచిన్ 136 చేసి అవుటయ్యేసరికి కావాల్సింది 17, మనం ఓడింది 12 పరుగులతో. “ఆ ఒక్క షాట్ కొట్టకుండా ఉంటే” అని ఇప్పటికీ కరెంటు బిల్లు గురించి మాట్లాడుతూ మధ్యలో అనేస్తాడు. సభ్యులు: అయిదో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మా బావగారు, నేను. బావగారి అర్హత ఆయన ప్రత్యక్ష సాక్షి కావడం. 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండ్ మనల్ని 28 పరుగులతో ఓడించిన టెస్టుకి వెళ్లాడు. మనకి 190 పరుగుల లీడ్ రాగానే “అయిపోయిందిలే” అని ఇంటికొచ్చేశాడు. ఆలీ పోప్ 196 కొట్టడం, హార్ట్‌లీ ఏడు వికెట్లు తీయడం టీవీలోనే చూశాడు. అయినా ప్రత్యక్ష సాక్షే.

“ముందు ఆ స్పిన్నర్ కుల్దీప్‌ని రాయండి” అన్నాడు అధ్యక్షుడు. కుర్రాడు ఫోన్లో రాశాడు.

“ఎవరి బదులు?” అన్నాను.

పెళ్లిచూపుల్లో కాఫీ రాకముందే కట్నం మాట ఎత్తినవాణ్ని చూసినట్టు చూశారు. “అది తర్వాత చూద్దాం” అన్నాడు బావగారు.

నేను ఊరుకోలేదు. సుందర్‌ని తీసేద్దామా? రెండో ఇన్నింగ్స్‌లో 22 పరుగులకి నాలుగు వికెట్లు తీశాడు. జడేజాని? 181 బంతులాడి 61తో నాటౌట్‌గా మిగిలాడు. నితీశ్ రెడ్డిని? “మన వైజాగ్ కుర్రాడండీ, మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు” అని బావగారు నొచ్చుకున్నాడు. కరుణ్ నాయర్‌ని? “ఎనిమిదేళ్ల తర్వాత వచ్చాడు, పాపం, ఇంకో ఛాన్స్ ఇవ్వాలి.” అలా ఎవర్నీ తీయకుండా కుల్దీప్ జట్టులోకి వచ్చాడు. పన్నెండు. ఆ వెనకే అర్ష్‌దీప్ వచ్చాడు, ఎడమచేతి వాటం కావాలి కాబట్టి. శ్రేయస్ వచ్చాడు. సర్ఫరాజ్ వచ్చాడు. ఏళ్ల తరబడి జట్టుతో తిరుగుతూ ఒక్క టెస్టూ ఆడని అభిమన్యు ఈశ్వరన్ కూడా, పాపం, వచ్చాడు. పదహారు.

అప్పుడు కుర్రాడు గొంతు సవరించుకుని, “అంకుల్, డేటా చూస్తే బుమ్రాని పక్కన పెట్టాలి” అన్నాడు. లీడ్స్‌లో బుమ్రా ఆడాడు, ఓడాం. ఎడ్జ్‌బాస్టన్‌లో ఆడలేదు, 336 పరుగులతో గెలిచాం. లార్డ్స్‌లో ఆడాడు, ఓడాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎడ్జ్‌బాస్టన్‌లో గిల్ 269, 161 కొట్టాడన్న చిన్న విషయం ఆ డేటాలో లేదు. చివరికి, బుమ్రా జట్టులో ఉండాలి కానీ బంతి పట్టుకోకూడదని రాజీ కుదిరింది.

“ఎంతమందిని తీసుకున్నా నాలుగో ఇన్నింగ్స్‌కి లక్ష్మణ్ లాంటివాడు కావాలయ్యా” అని అధ్యక్షుడు నిట్టూర్చాడు. కుర్రాడు లక్ష్మణ్ పేరు కూడా రాసేశాడు. లక్ష్మణ్‌కి యాభై దాటాయని, రిటైరై 13 ఏళ్లవుతోందని చెప్పాను. “క్లాస్ ఎక్కడికి పోతుంది?” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

“సార్, పదిహేడు మందయ్యారు” అన్నాడు అంతసేపూ వింటున్న వాచ్‌మన్.

“ఐపీఎల్‌లో పదకొండు మంది పైన ఇంపాక్ట్ ప్లేయర్ లేడూ? అలాగే” అని అధ్యక్షుడు ఫైలు మూసేశాడు. తర్వాతి అంశం జడేజా జిడ్డాట. “అయినా ఓడింది ఎంతతో? 22! మూడు సిక్సులు, ఒక ఫోరు. నాలుగు బంతుల పని. దానికి రెండు సెషన్లు కూర్చోవాలా?”

ఎనిమిదో తరగతి చదివే వాచ్‌మన్ కొడుకు వేళ్లు మడిచి లెక్కేశాడు. “అప్పుడు టై అవుతుంది అంకుల్. గెలవాలంటే 23 కావాలి.”

నలభై ఏళ్లు లెడ్జర్లు చూసిన మనిషి. తడుముకోలేదు. “సింగిల్ తీస్తాడులే బాబూ” అన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. 22 పరుగులంటే ప్రతివాడి జేబులోనూ చిల్లరగా ఉంటాయి. ఒకడు కీపర్ వదిలేసిన బైల దగ్గర ఏరుకుంటాడు. ఇంకొకడు, రాహుల్ సెంచరీ లంచ్‌లోపే అయిపోవాలని పరిగెత్తి పంత్ రనౌటైన చోట ఏరుకుంటాడు. అదే నవంబర్లో గువాహటిలో దక్షిణాఫ్రికా మీద 408 పరుగులతో ఓడిపోతే మా సెల్లార్‌లో ఒక్క కుర్చీ వేయలేదు. అంత చిల్లర ఎవరి దగ్గరా లేదు.

అన్నట్టు కుల్దీప్ సంగతి. ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ బయటే కూర్చున్నాడు. ఆ నెలన్నరలో ఆయన బౌలింగ్ ఎదిగినట్టు ఏ బౌలర్ బౌలింగూ ఎదగలేదు. బెంచీ మీద కూర్చున్నవాడి బంతిని సిక్స్ కొట్టినవాడు లేడు. డ్రింక్స్ తెచ్చేవాడు ఎల్బీడబ్ల్యూ అయిన దాఖలాలు లేవు. తర్వాత కోల్‌కతా టెస్టులో కుల్దీప్ ఆడనే ఆడాడు, నాలుగు వికెట్లు కూడా తీశాడు. కొట్టాల్సిన 124లో మనం 93కే చాప చుట్టేసి 30 పరుగులతో ఓడాం. ఆ సాయంత్రం అధ్యక్షుడు సెల్లార్‌లోకి దిగుతూనే, “నలుగురు స్పిన్నర్లేమిటయ్యా! ఒకణ్ని తీసేసి సాయి సుదర్శన్‌ని ఆడించి ఉంటే? నేను ముందే చెప్పా” అన్నాడు. అప్పటికి సుదర్శన్ బెంచీ మీద ఉన్నాడన్నమాట.

ఈ “ముందే చెప్పా” వాళ్ల అసలు పనితనం ఇంగ్లండ్ సిరీస్ ఆఖరి టెస్టు, ఓవల్‌లో చూడాలి. నాలుగో రోజు సిరాజ్ ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ పట్టి, కాలు బౌండరీ మీద వేశాడు. అప్పటికి బ్రూక్ 19, తర్వాత 111 దాకా వెళ్లాడు. ఆ పూట మా అపార్ట్‌మెంట్‌లో సిరాజ్ గురించి అన్న మాటలు ఇక్కడ రాస్తే నా మీద కేసు పెడతారు. మర్నాడు ఆగస్టు 4న అదే సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్ స్టంప్ ఎగరగొట్టి 6 పరుగులతో గెలిపించాడు. ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు, సిరీస్‌లో 23. అయిదు టెస్టులూ ఆడాడు, ఒక్కదాంట్లోనూ విశ్రాంతి అడగలేదు. “మన హైదరాబాదోడు!” అని అవే నోళ్లు. ముందు రోజు ఏ ఊరోడో మరి.

నవ్వొచ్చినంతసేపూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నిన్నటి దాకా ఆటోడ్రైవర్ కొడుకు కథ అని కళ్లు తుడుచుకున్నవాళ్లే బంతి వెనక్కి దొర్లగానే వాడి పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతారు. తండ్రి పోయినప్పుడు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి ఆడాడు ఆ పిల్లాడు. వాడికి బాధ్యత గురించి మీరు చెబుతారా? మీకు సెలెక్షన్ కావాలి, సరే. రంజీ మ్యాచ్ ఎప్పుడైనా చూశారా? చాలా చోట్ల టికెట్ కూడా ఉండదు, ఊరికే వెళ్లి కూర్చోవచ్చు. 2023లో ఇండోర్‌లో మన ఆంధ్ర జట్టు క్వార్టర్ ఫైనల్ ఆడింది. బంతి తగిలి చెయ్యి విరిగితే కుడిచేతి వాటం హనుమ విహారి ఎడమవైపు తిరిగి నిలబడి, ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. రెండు ఇన్నింగ్స్‌లోనూ. 2021లో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులాడి 23తో నిలబడి టెస్టు కాపాడినవాడూ అతనే. ఆ రోజూ స్ట్రైక్ రేట్ అడిగారు మీరు! 16 టెస్టులతో ఆగిపోయాడు. విహారి పేరు మీ పదిహేడు మంది జట్టులో ఎవరూ రాయలేదు. ఎందుకంటే అతను ఏ రీల్‌లోనూ కనబడలేదు. మీకు క్రికెట్ అక్కర్లేదు, తిట్టడానికి ఒక మనిషి కావాలి. పదకొండో నంబర్ అయితే ఇంకా సులువు, వాడు బ్యాట్‌తో జవాబు చెప్పలేడు కదా.

సరే. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

పోయిన ఆదివారం సెల్లార్‌లో పిల్లలు ఆడుతున్నారు. వికెట్లు అంటే ఎర్ర ప్లాస్టిక్ స్టూల్, దాని మీద ఖాళీ వాటర్ బాటిల్. అధ్యక్షుడు పాల ప్యాకెట్‌తో వెళ్తూ ఆగి, “ఇటివ్వండ్రా బ్యాటు, డిఫెన్స్ అంటే ఏంటో చూపిస్తా” అన్నాడు. ప్యాకెట్ నా చేతిలో పెట్టాడు. వాచ్‌మన్ కొడుకు జాలిపడి మెల్లగా వేశాడు. ఆయన వంగి ఆడాడు. నిజం చెప్పాలి, బాగా ఆడాడు. టెన్నిస్ బంతి కింద పడి, స్పీడ్ బ్రేకర్ అంచుకి తగిలి, నెమ్మదిగా వెనక్కి స్టూల్ వైపు దొర్లడం మొదలుపెట్టింది.

“అంకుల్, తన్నండి!” అని అయిదో అంతస్తు కుర్రాడు అరిచాడు.

ఆయన తిరిగాడు. చూశాడు. తన్నాడు. బంతికి తగల్లేదు. కుడికాలి చెప్పు ఊడి గాల్లోకి లేచి, సరిగ్గా వాటర్ బాటిల్‌ని పడగొట్టి, స్టూల్ మీద కూర్చుంది. బంతి స్టూల్‌కి జానెడు దూరంలో తనంతట తనే ఆగిపోయింది.

కుర్రాడు అప్పటికే ఫోన్ తీసి రూల్‌బుక్ వెతుకుతున్నాడు. “ఒంటిమీది వస్తువు పడి వికెట్ పడినా హిట్ వికెట్టే అంకుల్. రూల్ 35.”

అధ్యక్షుడు ఒంటికాలి మీద నిలబడి స్టూల్ మీది చెప్పు వైపు చాలాసేపు చూశాడు.

“ఈ చెప్పులు వదులుగా ఉన్నాయని మా ఆవిడకి నేను ముందే చెప్పా” అన్నాడు.